ముక్కుగారి వాసనల పుస్తకం

మార్చి 14, శనివారం
ఉదయం, వరండాలో

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లాయికి అన్నయ్య దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ వదినా క్షేమం. ఒళ్ళు జ్వరంతో కాగుతున్నా ఉత్తరంలో క్షేమమనే రాస్తాం కాబట్టి ఆ మాటకి విలువ లేకుండా పోయింది. ఈసారి మాత్రం నిజంగానే రాస్తున్నాను. మోకాళ్ళు మాట వింటున్నాయి, నిద్ర పడుతోంది, మీ వదిన రోజుకి రెండుసార్లకి మించి తిట్టడం లేదు. అక్కడ నువ్వూ బావగారూ కూడా ఇంత హాయిగా ఉండాలని కోరుకుంటున్నాను.

ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. పద్నాలుగు నెలలుగా నేను చేసిన ఫోన్లన్నీ మోగి మోగి ఊరుకున్నాయి. అందుకని నిన్ను తప్పుపట్టను. ఉత్తరమైతే ఎత్తక తప్పదు, కనీసం గుమ్మంలోంచి బల్ల మీదికైనా. చింపకుండా ఉంచితే చాలు, మనసు కుదుటపడిన పూట చదువుకో. మన ఇంట్లో అందరికీ కోపం ముక్కు మీదే ఉంటుందిగానీ ఎక్కువసేపు నిలవదని అమ్మ అంటుండేది. నీ కోపం మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుంది. కుర్చీ వేసినవాణ్ణి నేనే కాబట్టి లెమ్మనే హక్కు నాకు లేదు.

ముందు అసలు వార్త చెప్తాను. చెత్త యార్డుకి సీలు వేశారు. మొన్న సోమవారం, ఉదయం పదిన్నరకి. కాలవ అవతల చెత్త దించి లారీలకెక్కించే ఆ యార్డులో, లారీల తిప్పలు తగ్గించుకోవడానికి కాంట్రాక్టరు మనుషులు తెల్లవారుజామున ప్లాస్టిక్కూ వైర్లూ టైర్లూ తగలబెడుతున్నారని మునిసిపాలిటీ వాళ్ళే తేల్చారు. నువ్వు చెప్పిన వాసన, నువ్వు చెప్పిన చోటినుంచి, నువ్వు చెప్పిన వేళకే వస్తోందని ముద్రలు కొట్టి మరీ ఒప్పుకున్నారు. ఆ ఉత్తర్వు నకలు ఈ కవర్లోనే ఉంది. రెండో పేజీలో మొదటి ఫిర్యాదుదారు అన్నచోట నీ పేరే ఉంటుంది చూడు. నువ్వు ఒక్కదానివే సంతకం పెట్టి ఇచ్చిన ఆ అర్జీ వాళ్ళ ఫైల్లో అడుగున అలాగే ఉందిట. శానిటరీ ఇన్‌స్పెక్టరమ్మ దుమ్ము దులిపి పైకి తీసింది. నాకు తెలిసి ఆ ఆఫీసులో పోకుండా ఉన్న కాగితం అదొక్కటే.

ఇది ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్పాలి. కొంత నీకు తెలిసిందే. నీ వైపునుంచి తెలుసు. నా వైపునుంచి ఎప్పుడూ చెప్పలేదు.

పదహారు నెలల కిందట, ఆ నవంబరులో నీ లాండ్రీ మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. మేడ మీద ఏడు తాళ్ళ నిండా దుప్పట్లు ఆరేసేదానివి. అవి ఇస్త్రీ చేసి మడతపెట్టి పంపిస్తే కాలిన ప్లాస్టిక్కు కంపు కొడుతున్నాయని క్లినిక్కువాళ్ళు మూట వెనక్కి పంపారు. తరవాత లాడ్జివాళ్ళు పంపారు. గాలిలోనే ఉంది, యార్డునుంచి వస్తోంది, అందరం కలిసి అర్జీ పెడదామని నువ్వు కాలనీ సంఘం మీటింగులో అడిగావు. అప్పుడు మన ప్రెసిడెంటు, అదే, మందుల షాపాయన, మనకి ఇంట్లోనే నిపుణుడు ఉండగా ఇంకెవర్ని అడగడమెందుకు, ముక్కుగారు చూసి చెప్తే సరిపోతుందన్నాడు.

ముక్కుగారంటే నేనే. గ్యాసు కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పైపుల లీకులు పట్టినవాణ్ణి. మీటరు రాకముందు నన్నే పంపేవారు, మీటరు వచ్చాక కూడా మీటరుతోపాటు నన్ను పంపేవారు. రెండు వీధుల అవతల పొయ్యి మూయడం మరిచిపోతే నాకు ఇక్కడ తెలిసేదని కాలనీలో చెప్పుకునేవాళ్ళు. అంత లేదుగానీ, చెప్పుకుంటుంటే వద్దని నేనూ అనలేదు.

మేడ ఎక్కాను. నువ్వు ఒక దుప్పటి తీసి నా చేతికిచ్చావు. మొహానికి ఆనించుకున్నాను. కిందకి దిగి వచ్చి అందరి ముందూ నాకేమీ వాసన తెలియడం లేదన్నాను. అక్కడితో ఆగి ఉంటే కొంత నయం. మరి బట్టలు ఎందుకు కంపు కొడుతున్నాయని ఎవరో అడిగితే, సబ్బు మార్చి చూస్తే మంచిదేమో అన్నాను. ఆ ఒక్క మాటతో కాలనీ అంతటికీ తీర్పు దొరికిపోయింది. గాలి మంచిదే, లాండ్రీ మంచిది కాదు. పెద్దల మాట చద్దిమూట అంటారు. నేను ఇచ్చిన మూట పాచిపోయినదని నీ ఒక్కదానికే తెలుసు.

జనవరిలో నువ్వు దుకాణం మూసేశావు. సామాను లారీకెక్కిస్తూ, యార్డు కాంట్రాక్టరు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు కాబట్టి వాణ్ణి కాపాడటానికి సొంత చెల్లెలి నోట్లో మట్టి కొట్టానని అన్నావు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు. బావగారు ఒక్కసారి నా వైపు చూసి తాడు బిగించుకోవడంలో పడిపోయారు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుకొస్తూనే ఉంటుంది.

నువ్వు వెళ్ళాక జరిగింది విను. నవ్వొస్తే నవ్వు, నేనేమీ అనుకోను. వాసన అందరికీ వస్తూనే ఉందిట. అందరికీ! కానీ వీధిలో వాసన లేదని ముక్కుగారు తేల్చి చెప్పాక, అది తమ ఇంట్లోనే పుడుతోందని ఎవరికి వారు అనుకున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరి తూములో వాళ్ళు గుట్టుచప్పుడు కాకుండా ఫినాయిలు పోసుకున్నారు. బస్సు డ్రైవరు తన యూనిఫారమే అలా ఉందనుకుని వాకిట్లోనే విప్పి లోపలికి వెళ్ళేవాడుట. ప్రెసిడెంటు తన షాపులో చచ్చిన ఎలుక కోసం బీరువాలన్నీ మూడుసార్లు జరిపించాడుట. ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళడం మానేశారు. ఎదుటివాళ్ళకి మన ఇంటి కంపు తెలిసిపోతుందని భయం. ఎనిమిది నెలలు ముప్ఫై రెండు ఇళ్ళవాళ్ళు ఇలా పరువు కాపాడుకున్నారు.

దీన్ని బయటపెట్టింది నీ మేడకి ఎదురుగా పై వాటాలో ఉండే దర్జీ ఆవిడ. ఆగస్టులో ఒక పెళ్ళివారి బట్టలు పన్నెండు జతలు కుట్టి కిటికీ పక్కన తగిలిస్తే, కంపు కొడుతున్నాయని పెళ్ళివారు తెచ్చి గుమ్మంలో పడేశారు. ఆవిడ ఆ జతల్లోంచి ఒకటి చేతపట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చింది. మీ చెల్లెలి సబ్బు మా ఇంట్లో లేదండీ, ఇవి ఉతికిన బట్టలు కూడా కాదు, కొత్త గుడ్డ, మరి దీనికి ఏ సబ్బు మార్చమంటారో చెప్పండి అని అడిగింది. గట్టిగా కూడా అనలేదు. మీ వదిన వంటింట్లోంచి వచ్చి నిలబడి నా సమాధానం కోసం ఎదురుచూసింది. దర్జీ ఆవిడకి కుర్చీ వేసి, చెప్పులు వేసుకుని మునిసిపాలిటీ ఆఫీసుకి బయల్దేరాను.

అక్కడ ఇన్‌స్పెక్టరమ్మ మంచి మనిషే. కానీ వాసనని పట్టుకుని కవర్లో పెట్టి తీసుకెళ్ళలేం కదండీ అంది. వెళ్ళినప్పుడల్లా యార్డువాళ్ళు గేటు ముందు చీపుర్లు పట్టుకుని పెళ్ళికొడుకుల్లా నిలబడుతున్నారుట. ఏ రోజుల్లో వస్తోంది, ఏ వేళకి, ఎంత గట్టిగా, గాలి ఎటునుంచి, ఇవన్నీ ఒకే మనిషి అరవై రోజులు వరసగా రాసి ఇస్తే, ఏ పూట వెళ్ళాలో తమకి తెలుస్తుందంది. ఎవరు రాస్తారని సంఘంలో అడిగితే అందరి తలలూ నా వైపే తిరిగాయి. ఈసారి తప్పకుండా వాసన పడతారని ప్రెసిడెంటు అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో తెలియదుగానీ నాకు గుచ్చుకుంది. ఒప్పుకున్నాను. నీకు చేసినదానికి బదులు అని చెప్పను, దానికి బదులు ఉండదు. ఊరికే కూర్చోలేకపోయాను, అంతే.

నా పాత తనిఖీ పుస్తకం ఒకటి ఖాళీగా ఉంటే తీశాను. తేదీ, వేళ, గాలి, వాసన, ఇతర విషయాలు అని ఐదు గళ్ళు గీశాను. వాసనకి సున్నా నుంచి మూడు వరకు. కూర్చునే చోటు నీ మేడ. ఆ వాటా ఇంకా ఖాళీగానే ఉంది, ఇంటావిడ తాళంచెవి ఇచ్చింది. నీ తాళ్ళ గుంజకి మీ వదిన పాత రిబ్బను కడితే గాలి ఎటునుంచో అదే చెప్పేది. నవంబరు ఒకటో తారీకు మొదలు అరవై రోజులు, ఉదయం ఐదింటినుంచి ఎనిమిదింటిదాకా, మంకీ క్యాపు పెట్టుకుని అక్కడే. ఒక్క రోజు కూడా తప్పలేదు. జలుబు చేసిందని ఒకరోజు మీ వదిన వెళ్ళొద్దంటే, జలుబు చేస్తే ఇప్పుడు మునిగిపోయేది ఏముందన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి క్యాపు తెచ్చి నెత్తిన పెట్టింది.

చెల్లాయ్, ఆ అరవై ఉదయాలూ నాకు ఎంతో బాగున్నాయి. ఇన్నేళ్ళూ ఈ వీధిలో ఉండి దీన్ని పైనుంచి చూడలేదు. ఎవరు ముందు లేస్తారో, ఎవరి దీపం ఎప్పుడు వెలుగుతుందో, బస్సు డ్రైవరు బయటికి వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి పడుకున్న పిల్లల వైపు ఎంతసేపు చూస్తాడో, అన్నీ తెలిశాయి. దర్జీ ఆవిడ ఐదుంబావుకే కిటికీ తెరిచి దారం ఎక్కించుకునేది. నన్ను చూసి మొదట్లో మొహం తిప్పుకునేది, ఇరవయ్యో రోజు నుంచి తల ఊపడం మొదలుపెట్టింది. నీ ఏడు తాళ్ళ కింద కూర్చుంటే నువ్వు ఇక్కడ ఎంత కష్టపడ్డావో కూడా అర్థమైంది. రెండు అంతస్తులు తడి దుప్పట్లు మోసుకొచ్చేదానివి. నేను ఒక పుస్తకం, ఒక ఫ్లాస్కు మోసి ఆయాసపడ్డాను.

పుస్తకం చూసి ఇన్‌స్పెక్టరమ్మ ముక్కున వేలేసుకుంది. మంగళవారం, శుక్రవారం మూడు. మిగతా రోజుల్లో ఒకటో రెండో. ఆదివారం సున్నా. మార్కెట్టు చెత్త దిగే మర్నాడల్లా కాలుస్తున్నారన్నమాట. పుస్తకం చెప్పిన ప్రకారం జనవరిలో ముందుగా ఎవరికీ చెప్పకుండా మూడుసార్లు వెళ్ళారు. మూడుసార్లూ మంటలు మండుతుండగానే పట్టుకున్నారు, ఫొటోలు తీశారు, బూడిద సీసాల్లో నింపుకున్నారు.

ఫిబ్రవరిలో వార్డు ఆఫీసులో విచారణ జరిగింది. కాంట్రాక్టరు నన్ను చూసి నమస్కారం పెట్టాడు, పెట్టి, ఈయన పుస్తకం ఈయన ఊహ అన్నాడు. అయితే చూద్దామని పెద్దాఫీసరు రెండు మూత డబ్బాలు తెప్పించాడు. ఒకదాంట్లో యార్డు గోడ మీద ఆరేసిన గుడ్డ, ఇంకోదాంట్లో ఆఫీసులో ఉన్న గుడ్డ. ఏది ఏదో నన్ను చెప్పమన్నాడు. మొదటి డబ్బా మూత తీసి నా ముందు పెట్టారు. తల అడ్డంగా ఊపాను. రెండోది తీశారు. నిదానించి, ఇదీ అన్నాను. అదే. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. కాంట్రాక్టరు తల దించుకున్నాడు, నేను కూడా దించుకున్నాను.

ఇవీ పెద్ద విషయాలు. చిన్నవి కూడా ఉన్నాయి. విచారణలో గెలిచాక సంఘానికి ఊపు వచ్చింది. మలుపులో మూత లేని మ్యాన్‌హోల్లో హెచ్చరికగా విరిగిన కుర్చీ దిగ్గొట్టి ఉండేది, గుర్తుందా, దానికి ఇనుప మూత వేయించారు. కాలవగట్టు మీద రెండు దీపాలు వెలుగుతున్నాయి. ఇంటింటికీ తిరిగి గ్యాసు పైపులు పరీక్షించే పని నాకు అప్పగించారు. ముక్కుతో కాదు, సబ్బు నురుగుతో. జాయింట్ల మీద కుంచెతో నురుగు రాయాలి, బుడగలు లేస్తే లీకు ఉన్నట్టే. మూడు ఇళ్ళలో దొరికాయి. నువ్వు కూడా ఈ ఆదివారం చెయ్యి, బుడగ కనబడితే వాల్వు కట్టేసి కిటికీలు తెరువు, స్విచ్చులు మాత్రం ముట్టుకోకు. బావగారు నమ్మకపోతే ఆయన చేతికే కుంచె ఇవ్వు. మా వంటింట్లో గ్యాసు అలారం కూడా పెట్టించాం, మీ వదిన పట్టుబట్టింది.

పొద్దున్నే ఇప్పుడు అన్ని కిటికీలూ తెరిచి ఉంటున్నాయి. ఇళ్ళ మధ్య రాకపోకలు మొదలయ్యాయి. దర్జీ ఆవిడ నీ గురించి అడిగింది. ప్రెసిడెంటు అయితే నీకు క్షమాపణ ఉత్తరం రాయాలని మూడు వారాలుగా కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాడు, మొదటి వాక్యం కుదరడం లేదుట. రేపు ఆదివారం సంఘం గదిలో మీటింగు. నన్ను పొగిడే కార్యక్రమం పెట్టారు. నా ఫొటో గోడకి తగిలిస్తారుట. బతికుండగానే గోడెక్కుతున్నావని మీ వదిన ఆటపట్టిస్తోంది.

తప్పు నాదేనని ఈ ఉత్తరంలో ఒప్పుకుంటున్నాను. నువ్వు చెప్పింది నిజం. నేను కాదన్నాను. నీ దుకాణం పోయింది. అక్కడ హోటల్లో బట్టల సెక్షను చూస్తున్నావని, నీ కింద ఆరుగురు ఉన్నారని బావగారి అన్నగారి ద్వారా తెలిసి సంతోషించాను. సంతోషించే అర్హత ఉందో లేదో తెలియదు, కానీ సంతోషం అడిగి రాదు కదా.

నీ మేలు కోరే,
అన్నయ్య

తా.క.: పైన సంతకం పెట్టి, మడిచి, కవర్లో పెట్టబోతుంటే మీ వదిన అడిగి తీసుకుని చదివింది. అంతా బాగా రాశారు, చెప్పాల్సింది ఒక్కటి తప్ప అంది. కవరు తన దగ్గరే పెట్టుకుంది. ఇది రాసిస్తేగానీ ఇవ్వదుట.

చెల్లాయ్, నాకు వాసన తెలియదు. రిటైరైన ఐదో నెలలో ఒక జ్వరం వచ్చింది కదా, పది రోజులు మంచం మీద ఉన్నాను. జ్వరం తగ్గింది, ముక్కు పోయింది. నరం దెబ్బతిందని డాక్టరు చెప్పాడు, తిరిగి వస్తే రావచ్చు, రాకపోతే లేదన్నాడు. రాలేదు. రెండడుగుల దూరంలో పాలు అడుగంటి మాడిపోతుంటే నేను పేపరు చదువుకుంటూ కూర్చున్న రోజున మీ వదిన కనిపెట్టింది. ఇంకెవరికీ చెప్పనివ్వలేదు నేను. ముప్ఫై ఒక్క ఏళ్ళు నాకున్న పేరు, పని, గౌరవం అంతా అదే. అదిలేని నేనెవరో నాకే తెలియలేదు.

నువ్వు దుప్పటి చేతికిచ్చిన రోజున అబద్ధమైతే చెప్పలేదు. నాకేమీ వాసన తెలియడం లేదన్నాను, అది నిజమే. ఎందుకు తెలియడం లేదో చెప్పలేదు. సబ్బు మార్చమన్నది మాత్రం అబద్ధంకన్నా నీచం. అందరూ నా వైపే చూస్తుంటే, నిపుణుడిలా ఏదో ఒకటి చెప్పాలనిపించింది. కాంట్రాక్టరు కోసం చేశానని నువ్వు అన్నప్పుడు కూడా కాదనలేదు. ముక్కులేనివాడు అనిపించుకోవడంకన్నా పక్షపాతి అనిపించుకోవడమే నాకు తేలిక అనిపించింది. నీ మనసులో నేను చెడ్డవాడిగా ఉన్నా ఫరవాలేదనుకున్నాను, పనికిరానివాడిగా ఉండటం తట్టుకోలేననుకున్నాను. ఇంత చిన్న మనిషిని నేను.

మరి పుస్తకం ఎలా రాశానంటావా? కళ్ళతో రాశాను. నీ మేడ మీదనుంచి ముప్ఫై రెండు ఇళ్ళ కిటికీలు కనబడతాయి. దర్జీ ఆవిడ కిటికీ సగం మూస్తే ఒకటి. బస్సు డ్రైవరు చేతిగుడ్డ ముక్కుకి పెట్టుకుని నడిస్తే రెండు. వరసంతా కిటికీలు మూసేసి, ఆరేసిన బట్టలు లోపలికి తీసేస్తే మూడు. ఎవరూ ఏమీ మూయకపోతే సున్నా. వాళ్ళు రోజూ చేతులతో చెప్తున్నదే నేను అంకెల్లో రాశాను. విచారణలో రెండో డబ్బా మూత తీసిన క్షణంలో పక్కనున్న ప్రెసిడెంటు కుర్చీ వెనక్కి జరిపాడు. నాకు తెలిసింది అంతే.

గురువారం ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పేశాను. ఉత్తర్వు కొట్టేస్తారేమోనని భయపడుతూనే చెప్పాను. ఆవిడ ఫైలు తెరిచి చూసి, ఉత్తర్వు నిలబడింది మూడుసార్లు పట్టుకున్న మంటల మీద, బూడిద సీసాల మీద అంది. ఏ పూట వెళ్ళాలో చెప్పడమే పుస్తకం పని, అది సరిగ్గానే చెప్పింది అంది. ఒక్క ముక్కుకన్నా ముప్ఫై రెండు ఇళ్ళ ముక్కులు నయమేకదండీ, కాకపోతే ఆ సంగతి మొదటి పేజీలో రాసి ఉండాల్సింది అంది. అక్కడే కూర్చోబెట్టి రాయించుకుంది, డబ్బాల సంగతితో సహా. యార్డు మళ్ళీ తెరుచుకోదు, ఆ బెంగ పెట్టుకోకు.

రేపు మీటింగులో ఫొటో తగిలించకముందే లేచి అందరికీ చెప్తాను. నీ ముందు చెప్పకుండా వాళ్ళ ముందు చెప్పడం న్యాయం కాదు. ఉత్తరం రేపటికి అందదు కాబట్టి, మీ వదిన సాయంత్రం దీన్ని ఫొటోలు తీసి బావగారి ఫోనుకి పంపిస్తానంది. ఆయన నీకు చదివి వినిపిస్తారో, ఫోను నీ చేతికే ఇస్తారో వారిష్టం.

తిరిగి రమ్మని అడగను. అక్కడ నీ పని నీకు బాగుంది. ఒక్క రోజు కోసం మాత్రం అడుగుతాను. యార్డు మూశారు, కిటికీలు తెరిచారు, అందరూ గాలి బాగుందంటున్నారు. నాకు మాత్రం ఏమీ తెలియదు. వీలైనప్పుడు ఒకసారి రా. నీ మేడ మీద ఒక దుప్పటి ఆరేసి, ఆరాక మొహానికి ఆనించుకుని చూడు. వాసన లేదని నువ్వు చెప్తే నమ్ముతాను. ఉందని చెప్తే, కాలనీ అంతా ఒకవైపు నిలబడి లేదన్నా సరే, నీ మాటే నమ్ముతాను. ఆ నవంబరులో నేను చెయ్యాల్సిన పని అదొక్కటే.